మైసూరులో ఆరు రోజులు

మా ఇంట్లో అటక మీద ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది. రెండు వందల పేజీలది. అట్ట ఊడిపోతే అమ్మ సూదీ దారం తీసుకుని కుట్టింది. 2003 నుంచి నేను ఇంటర్‌లో చేరేదాకా పేపర్లో పడిన యుద్ధవిమానాల ఫొటోలన్నీ అందులో ఉన్నాయి. అన్నం మెతుకులతో అంటించాను కాబట్టి కొన్ని పేజీలు చీమలు తినేశాయి. మిగ్-21 పేజీ, జాగ్వార్ పేజీ, 2006 జూన్‌లో అబ్దుల్ కలాం గారు పుణెలో సుఖోయ్-30 ఎక్కిన రోజు ఫొటో మాత్రం ఇప్పటికీ బాగున్నాయి. అప్పటికి ఆయన రాష్ట్రపతి, వయసు 74 ఏళ్ళు. ఆ ఫొటో అంటించిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నేను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చి, "సార్, ఎన్‌డీఏకి వెళ్ళాలంటే ఏం చేయాలి?" అని అడుగుతారు. ఎన్‌డీఏ అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఇంటర్ తర్వాత ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్లుగా శిక్షణ ఇచ్చే చోటు. వయసు, మార్కులు, పరీక్షలు అన్నీ చెబుతాను. పైలట్ ఎంపిక కోసం వెళ్ళినప్పుడు మైసూరులో నాకు ఏం జరిగిందో మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయవాడ, సత్యనారాయణపురం రైల్వే కాలనీ. నాన్న గూడ్సు డ్రైవరు. నాకు ఊహ తెలిశాక ఆ ఉద్యోగానికి లోకో పైలట్ అని పేరు మారింది గానీ కాలనీలో అందరూ డ్రైవర్ గారనే అనేవాళ్ళు. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. నాన్న లేచి, మొహం కడుక్కుని, సంచి తీసుకుని వెళ్ళిపోయేవాడు. గూడూరు వైపో, కాజీపేట వైపో వెళ్ళి మర్నాడు ఎప్పుడో వచ్చేవాడు. వచ్చాక పగలంతా నిద్ర. ఆ టైంలో మేం గట్టిగా మాట్లాడితే అమ్మ ఊరుకునేది కాదు. మా ఇంట్లో రైలు గురించి నాకు తెలిసింది అంతే.

విమానాల పిచ్చి మాత్రం అల్వాల్‌లో మొదలైంది. సికింద్రాబాద్ పక్కన అల్వాల్‌లో మా మేనమామ ఇల్లు. ప్రతి వేసవికీ అక్కడికి వెళ్ళేవాళ్ళం. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దగ్గరే కాబట్టి పొద్దున్నుంచీ కిరణ్ విమానాలు మేడ మీదుగా తిరుగుతూనే ఉండేవి. కిరణ్ అంటే మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) వాళ్ళు తయారుచేసిన జెట్ ట్రైనర్. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. చక్రాలు దించుకుని దిగడానికి వస్తుంటే లోపల రెండు తలకాయలు కనిపిస్తున్నాయేమోనని కళ్ళు చికిలించి చూసేవాణ్ణి. చప్పుడు ముందు సన్నగా ఈలలా మొదలై, తల మీదికి వచ్చేసరికి గుండెలో కొట్టుకునేది. మామయ్య పిల్లలకి అది అలవాటైపోయింది, తలెత్తేవాళ్ళు కూడా కాదు. నేను మటుకు అన్నం తింటూ తింటూ కంచం వదిలి మేడ మీదికి పరుగెత్తేవాణ్ణి.

విజయవాడలో ఆ భాగ్యం లేదు. గన్నవరం వెళ్తే అప్పట్లో చిన్న ఫ్యాన్ల విమానాలు. ఆ విమానాశ్రయం రెండో ప్రపంచయుద్ధం నాడు మిలటరీ కోసం కట్టిందని నాన్న చెప్పాడు. అది విన్నాక ఆ గడ్డి మైదానం మీద కూడా నాకు ప్రేమ పుట్టింది. కార్తీకమాసంలో బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్తే అందరూ సముద్రం చూసేవాళ్ళు, నేను ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ కంచె చూసేవాణ్ణి. జనవరిలో స్వరాజ్ మైదానంలో పుస్తక ప్రదర్శన పెడితే, పాత ఇంగ్లిషు పుస్తకాల కుప్పల్లో విమానాల బొమ్మలున్నవి ఏరుకునేవాణ్ణి. అర్థం కాని ఇంగ్లిషు డిక్షనరీ దగ్గర పెట్టుకుని చదివాను. మిగ్-21 రెక్క ఆ చివర నుంచి ఈ చివరకు 7.15 మీటర్లే. మా క్వార్టరు ముందు గది నుంచి పెరటి గోడ దాకా అడుగులు వేసి, సుద్దముక్కతో ఆ కొలత గీశాను. అంత చిన్న రెక్కతో ధ్వనికి రెండింతల వేగం! ఆ గీత మీద నిలబడి చాలాసేపు చూసుకున్నాను.

నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ గురించి చదివింది కూడా అప్పుడే. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్‌లో శత్రువుల సేబర్ జెట్లు బాంబులు వేస్తుంటే, ఆ బాంబుల మధ్య నుంచే నాట్ అనే చిన్న యుద్ధవిమానం లేపుకుని వెళ్ళి ఆరింటితో పోరాడి ప్రాణం ఇచ్చినవాడు. మన ఎయిర్‌ఫోర్స్‌లో పరమవీర చక్ర అందుకున్నది ఆయన ఒక్కడే. నోట్‌బుక్‌లో ఆయన ఫొటో దొరక్క, చేత్తో బొమ్మ వేశాను.

నా కళ్ళ గురించి నాకంటే నాన్నకే ఎక్కువ జాగ్రత్త. లోకో పైలట్లకు రైల్వే ఆసుపత్రిలో కళ్ళ పరీక్ష చాలా గట్టిగా ఉంటుంది. రంగురంగుల చుక్కల పుస్తకం చూపించి అందులో అంకె చెప్పమంటారు. తప్పితే ఇంజిన్ మీద నుంచి దింపేస్తారు. ఆ పరీక్ష దగ్గర పడితే నాన్న వారం ముందు నుంచీ టెన్షన్ పడేవాడు. అందుకే నాకు పైలట్ కావాలని ఉందని తెలిశాక, సాయంత్రం స్టేషన్ దగ్గర ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీదికి తీసుకెళ్ళి, "అదిగో, ఆ చివరి సిగ్నల్ ఏ రంగు? దాని అవతలిది?" అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఎప్పుడూ నాకంటే ముందే ఆయనకు కనిపించేది.

ఇంటర్ ఎంపీసీలో ఉండగా ఎన్‌డీఏకి అప్లై చేశాను. మా కాలేజీలో ఎవరికీ అది నచ్చలేదు. ఎంసెట్ ర్యాంకు పాడవుతుందన్నారు. అమ్మ మాత్రం నన్ను గోడకు నిలబెట్టి టేపుతో కొలిచింది. అప్పటి నియమాల ప్రకారం పైలట్‌కు ఎత్తు 162.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, కాళ్ళ పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, కూర్చుంటే నడుం నుంచి తల దాకా 81.5 నుంచి 96 మధ్య. కాక్‌పిట్‌లో పెడళ్ళు అందాలి, తల పైన తగలకూడదు, అందుకని ఈ కొలతలు. నా కాళ్ళు 103 వచ్చాయి. అమ్మ మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ అంతే వచ్చాక దేవుడి గదిలోకి వెళ్ళి దండం పెట్టుకుంది.

2013 ఏప్రిల్‌లో హైదరాబాద్ వెళ్ళి రాత పరీక్ష రాశాను. మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600. మన ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ కష్టం కాదు. ఇంగ్లిషు, చరిత్ర దగ్గరే పడిపోతారు. నేను గట్టెక్కాను. అప్లికేషన్‌లో సర్వీసుల వరుస రాయమంటే ఎయిర్‌ఫోర్స్ ఒక్కటే రాశాను. ఆర్మీ, నేవీ కూడా రాయమని మామయ్య ఎంత చెప్పినా వినలేదు. అది నేను చేసిన పెద్ద పొరపాటు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదట చెప్పేది అదే.

ఇంటర్వ్యూకి మైసూరు ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డు నుంచి పిలుపు వచ్చింది. అప్పుడు మన దగ్గర సమైక్యాంధ్ర ఉద్యమం జోరుగా సాగుతోంది. ఆగస్టు రెండో వారం నుంచి ఆర్టీసీ బస్సులు లేవు, కాలేజీలు లేవు, ఎంసెట్ కౌన్సెలింగ్ ఎటూ తేలలేదు. బెజవాడ మొత్తం రోడ్డు మీద ఉంటే నేను నాన్న రైల్వే పాస్ మీద ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వెళ్ళి, అక్కడి నుంచి మైసూరు చేరాను.

మొదటి రోజే వడబోత. కొన్ని లెక్కలు, బొమ్మలతో తెలివితేటల పరీక్ష ఒకటి. తర్వాత మసక బొమ్మ ఒకటి ముప్పై సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. ఆ తర్వాత పది పదిహేను మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, అందరూ మాట్లాడుకుని ఒకే కథకు రండి అంటారు. నేను అంతకుముందు ఇంగ్లిషులో వరసగా పది వాక్యాలు మాట్లాడిన రోజు లేదు. ఢిల్లీ, డెహ్రాడూన్ పిల్లలు, సైనిక్ స్కూల్ పిల్లలు అరుస్తున్నట్టు మాట్లాడుతున్నారు. నోరు ఎండిపోయింది. ఒక్కసారి గొంతు దొరికినప్పుడు, బొమ్మలో పడవ పక్కన నిలబడ్డ మనిషి గురించి మా కృష్ణలో పడవలు నడిపేవాళ్ళు ఎలా నిలబడతారో చెప్పాను. వచ్చీరాని ఇంగ్లిషే, కానీ నిజంగా చూసింది చెప్పాను. అందరూ ఒక్క క్షణం ఆగి విన్నారు. సాయంత్రం నంబర్లు చదివితే సగానికి పైగా వెనక్కి వెళ్ళిపోయారు. నా చెస్ట్ నంబరు ఉంది. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి.

ఆ తర్వాత మూడు రోజులూ ఊపిరి తిరగనివ్వలేదు. పన్నెండు బొమ్మలకు పన్నెండు కథలు, అందులో చివరిది ఖాళీ తెర. అరవై మాటలు, ఒక్కో మాటకు పదిహేను సెకన్లు, మనసులో ఏది వస్తే ఆ వాక్యం రాయాలి. అరగంటలో అరవై సందర్భాలు, నువ్వైతే ఏం చేస్తావని. మైదానంలో చెక్కలు, తాళ్ళు, పీపాలు ఇచ్చి అందరం కలిసి గీత తాకకుండా దాటాలి. రైల్వే గ్రౌండ్‌లో ఆడి పెరిగినవాణ్ణి, ఒళ్ళు వంగడంలో నాకు ఇబ్బంది లేదు. అక్కడి అన్నం గురించి కూడా చెప్పాలి, చాలా బాగా పెట్టారు. మొదటిసారి కత్తీ ఫోర్కుతో తిన్నది అక్కడే.

మూడో రోజు మధ్యాహ్నం ఇంటర్వ్యూ. బల్ల అవతల ఒక్క ఆఫీసరే ఉన్నారు, పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతారు. ముందు రోజు మేం నింపిన ఫారం ఆయన చేతిలో ఉంది. విమానాలంటే ఇష్టమని రాశావు, చెప్పు అన్నారు. ఇంక ఆపలేదు. సుఖోయ్-30 గరిష్ఠంగా 38,800 కిలోల బరువుతో లేస్తుందనీ, దాని ఇంజిన్ల మూతులు అటూ ఇటూ తిరుగుతాయనీ చెప్పాను. మిరాజ్ 2000 మనకు 1985లో వచ్చిందనీ, తేజస్ మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న అనీ చెప్పాను. ఆయన నవ్వుతూ అన్నీ విన్నారు. తర్వాత ఫారం తిప్పి చూసి, "మీ నాన్నగారు లోకో పైలట్ కదా, ఏ ఇంజిన్ నడుపుతారు?" అన్నారు.

"ఎలక్ట్రిక్ ఇంజిన్ సర్."

"ఏ క్లాసు?"

తెలియదు.

"నిండు లోడున్న గూడ్సు బండి ఆగాలంటే ఎంత దూరం ముందు బ్రేకు వేయాలి?"

తెలియదు.

"రాత్రంతా ఇద్దరే ఉంటారు కదా. ఆయనకు నిద్ర పడితే బండి ఏమవుతుంది? దానికి ఏం ఏర్పాటు ఉంది?"

టీ తాగుతారు సర్ అన్నాను. ఆయన నవ్వలేదు. "ఎప్పుడైనా అడిగావా?" అన్నారు. లేదు సర్ అన్నాను. ఆయన కోప్పడలేదు, చిన్నబుచ్చలేదు. మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, వేరే సంగతులు అడిగారు. వాటికి ఏం చెప్పానో నాకు ఇప్పుడు గుర్తులేదు. గదికి వచ్చి పడుకుంటే కాల్ బాయ్ తలుపు కొట్టే చప్పుడు, నాన్న చీకట్లో చెప్పులు వెతుక్కోవడం ఇవే కళ్ళ ముందు మెదిలాయి. పదిహేడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నోట్‌బుక్‌లో రెండు వందల పేజీలున్నాయి. ఒక్క పేజీలో కూడా రైలింజిన్ బొమ్మ లేదు.

ఐదో రోజు కాన్ఫరెన్స్. ఆఫీసర్లందరూ యూనిఫాంలో ఒక పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటే మనం ఒక్కళ్ళం వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. రెండు మూడు ప్రశ్నలు, అంతే. ఆ తర్వాత అందరం బ్యాగులు సర్దుకుని హాల్లో కూర్చున్నాం. నంబర్లు చదివారు. నాది వచ్చింది. నమ్మలేకపోయాను. పక్కన కూర్చున్న ఒడిశా కుర్రాడి నంబరు రాలేదు. మూడు రోజులుగా తాళ్ళ మీద నన్ను పట్టుకుని లాగినవాడు. లేచి నన్ను కావిలించుకుని, మెట్లు దిగి బస్సెక్కాడు. ఎంతో సంతోషంగా ఉండాల్సిన ఆ నిమిషంలో నాకు ఆ కుర్రాడి వీపు ఒక్కటే కనిపించింది.

ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చేసింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు.

మర్నాడు పైలట్ పరీక్ష, సీపీఎస్ఎస్ అంటారు. కంప్యూటరైజ్డ్ పైలట్ సెలక్షన్ సిస్టమ్. ఇది జీవితంలో ఒక్కసారే. తప్పితే ఎన్‌డీఏ ద్వారానే కాదు, డిగ్రీ తర్వాత వేరే దారిలో వచ్చినా సరే, పైలట్‌గా మళ్ళీ రానివ్వరు. ఎగరడానికి కావాల్సిన ఒడుపు ఇంత అని మనిషిలో ఉంటుందనీ, చదివితే పెరిగేది కాదనీ వాళ్ళ లెక్క. అది నిజమో కాదో నేను చెప్పలేను గానీ, ఒక్కో పైలట్ శిక్షణకు అయ్యే ఖర్చు, ఒక్క తప్పుతో పోయే ప్రాణాలు తలుచుకుంటే, ఆ నియమం మీద నాకు కోపం లేదు.

ఆ పరీక్ష లోపలి సంగతులు విడమర్చి రాయడం భావ్యం కాదు. పైపైన చెబుతాను. కాక్‌పిట్‌లో ఉండే గడియారాల్లాంటి డయళ్ళ గురించి ముందు పాఠం చెబుతారు. ఎత్తు చూపించేది, వేగం చూపించేది, దిక్కు చూపించేది, విమానం ఎటు ఒరిగిందో చూపించేది. వాటిని చూసి విమానం ఏ స్థితిలో ఉందో చెప్పాలి. అది నాకు నల్లేరు మీద నడక. తర్వాత తెర ముందు కూర్చోబెడతారు. చేతికి జాయ్‌స్టిక్, కాళ్ళకు పెడళ్ళు. తెర మీద ఒక చుక్క పారిపోతుంటే దాన్ని గడిలో నిలపాలి. ఈలోగా లైట్లు వెలుగుతాయి, చెవిలో శబ్దాలు వస్తాయి, వాటికీ జవాబివ్వాలి.

జాయ్‌స్టిక్ పట్టుకోగానే అల్వాల్ మేడ గుర్తొచ్చింది. మొదటి అరనిమిషం బాగానే ఉంది. తర్వాత లైటు వెలిగింది. దాన్ని నొక్కేలోపు చుక్క గడి దాటింది. చుక్కను లాగేలోపు కాలు వెనకబడింది. కాలు సరిచేసేలోపు చెవిలో శబ్దం ఆగిపోయింది. అన్నిటి మీదా ఒకేసారి మనసు పెట్టాలి, కానీ దేని మీదా ఆగిపోకూడదు. నేను ప్రతిదాని దగ్గరా ఆగాను. నా పద్ధతే అది. ఒక ఫొటో చూస్తే గంట చూసేవాణ్ణి. ఆ కుర్చీలో గంట లేదు, సెకను లేదు. లేస్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది.

సాయంత్రం లిస్టులో నా నంబరు లేదు. ఆర్మీ, నేవీ రాయలేదు కాబట్టి అక్కడితో అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చున్నాను. కలాం గారు కుర్రతనంలో డెహ్రాడూన్ వెళ్ళి, ఇరవై ఐదు మందిలో తొమ్మిదో స్థానంలో నిలిచి, ఎనిమిది ఉద్యోగాలే ఉండటంతో పైలట్ కాలేకపోయారని అప్పటికే నాకు తెలుసు. అందరూ ఓదార్పుగా ఆ మాటే చెబుతారని కూడా తెలుసు. ఆ రాత్రి అది నాకు ఏమీ సాయం చేయలేదు.

బండి తెల్లవారుజామున విజయవాడ చేరింది. నాన్న ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చాడు, చేతిలో సంచి కూడా ఉంది. ఫలితం అప్పటికే ఫోన్‌లో చెప్పాను కాబట్టి ఏమీ అడగలేదు. రెండు టీలు తెచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చివరికి నేనే అడిగాను, "నాన్నా, నువ్వు నడిపే ఇంజిన్ ఏ క్లాసు?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "వాగ్-7. ఐదు వేల హార్స్‌పవర్. ఇప్పుడు వాగ్-9 కూడా ఇస్తున్నారు, అది ఆరు వేలు దాటుతుంది. ఎందుకు?"

ఇంటర్వ్యూ సంగతి చెప్పాను. గూడ్సు ఆగడానికి లోడు బట్టి, వాలు బట్టి ఒక్కోసారి కిలోమీటరు పైనే పడుతుందని చెప్పాడు. నిద్ర సంగతికి వస్తే, ఇంజిన్లో ఒక పరికరం ఉంటుందట. నిమిషం పాటు డ్రైవరు ఏ మీటా కదపకపోతే లైటు వెలుగుతుంది. అప్పటికీ నొక్కకపోతే బజర్ మోగుతుంది. అప్పటికీ పలకకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. "ఎదురుగా సిగ్నల్ చూడాలి, స్పీడు చూడాలి, పైన కరెంటు తీగ చూడాలి, అసిస్టెంటు చెప్పేది విని తిరిగి చెప్పాలి, మధ్యలో ఆ లైటు. రాత్రంతా అంతే" అన్నాడు. నేను మైసూరు తెర ముందు కూర్చున్న సంగతి అప్పుడు చెప్పాను. లైట్లు, శబ్దాలు, పారిపోయే చుక్క. నాన్న గ్లాసు కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు. "ఎక్కడ తప్పావు?" అని అడిగాడు. "ఒకదాని దగ్గర ఆగిపోయాను" అన్నాను. "నేను కూడా మొదటి ఏడాది అలాగే ఆగేవాణ్ణి రా" అన్నాడు. కాలనీకి నడిచి వెళ్ళేసరికి ఎండ వచ్చింది.

తర్వాత ఇంజినీరింగ్ చదివాను. గ్రౌండ్ డ్యూటీ ఆఫీసర్‌గా వెళ్ళే దారి ఉంది, చాలామంది వెళ్ళమన్నారు. ఎగరలేని చోట విమానాల పక్కన నిలబడటం నా వల్ల కాదనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే వెళ్ళి ఉండాల్సింది. పిల్లలకు ఆ మాట గట్టిగానే చెబుతున్నాను.

2024 మార్చి 18న జాతీయ రహదారి 16 మీద, చిలకలూరిపేట, మార్టూరు దాటాక కొరిశపాడు దగ్గర, ఎయిర్‌ఫోర్స్ విమానాలు దిగుతాయని పేపర్లో పడింది. అక్కడ రోడ్డునే 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబర్‌లో ఒకసారి విమానాలు పైనుంచే వెళ్ళాయి, అప్పుడు చూడలేకపోయాను. ఈసారి సెలవు పెట్టి, నాన్నను బండి మీద ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరాను. పోలీసులు దూరంగా ఆపేశారు. ఊళ్ళ జనంతో పాటు చేల గట్ల మీద నిలబడ్డాం.

సుఖోయ్‌లు రోడ్డుకు ఇంత ఎత్తులో దూసుకొచ్చి, దిగకుండా పైకి లేచిపోయాయి. చప్పుడు తర్వాత వచ్చింది. ఛాతీ అదిరింది. పక్కన ఎవరో పిల్లవాడు చెవులు మూసుకుని కేకలు పెట్టాడు. నాకు కళ్ళు నిండిపోయి తర్వాతి హాక్ విమానం సరిగ్గా కనిపించలేదు. ఆ తర్వాత ఏఎన్-32 అనే రవాణా విమానం వస్తుందన్నారు. నేను అటు చూస్తూనే ఉన్నాను, ఏమీ కనిపించడం లేదు.

"అదిగో, లైటు" అన్నాడు నాన్న.

నాకు ఇంకో నాలుగైదు క్షణాలకు గానీ కనపడలేదు. అది పెద్దదవుతూ వచ్చి, రోడ్డు మీద చక్రాలు ఆనించి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. నాన్న కొట్టలేదు. అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, చక్రాలు ఆనిన చోటు నుంచి ఆగిన చోటు దాకా చూస్తున్నాడు.

"ఎంత దూరంలో ఆగింది రా?" అన్నాడు.

ఇద్దరం కరెంటు స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాం.